నొప్పి లేని మచ్చ: అడ్డపొగ నుంచి బీడీ దాకా

ఇందల్వాయికి ఆనుకునే డిచ్‌పల్లి ఉంది. ఆ పేరు వినగానే మన వయసు వారందరికీ కుష్ఠురోగుల ఆసుపత్రే గుర్తుకు వస్తుంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో దానిని నెలకొల్పారు. రాజా నర్సాగౌడ్ గారు ఉదారంగా విరాళమిచ్చారు. కుష్ఠు తొలిమచ్చకు నొప్పి ఉండదు, గిచ్చినా తెలియదు. బాధ లేనివాడు డాక్టరు దగ్గరకు ఎందుకు వెళతాడు? అందుకే 1955లో జాతీయ కార్యక్రమం మొదలైన తర్వాత సిబ్బందే ఇంటింటికీ, బడిబడికీ వెళ్ళి, చొక్కాలు విప్పించి మచ్చలు వెతికేవారు.

పొగాకు విషయంలో కూడా ఇలాంటి వెతుకులాట మన పూర్వపు ఉమ్మడి రాష్ట్రంలోనే జరిగింది. అది శ్రీకాకుళం జిల్లా కథ. మన జిల్లాలో దాని గురించి తెలిసినవారు తక్కువ. కానీ ఇంటింటా బీడీలు చుట్టే ప్రాంతానికి అది పరాయి కథ కాదు.

ఉత్తర కోస్తా పల్లెల్లో చుట్ట కాల్చే ఒక వింత పద్ధతి ఉంది. నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పొగ పీలుస్తారు. దానిని అడ్డపొగ అంటారు. మగవారికంటే ఆడవారిలోనే ఈ అలవాటు ఎక్కువ. అలా కాలిస్తే గాలికి, నీటి తుంపరకు నిప్పు ఆరదని, చంకలోని బిడ్డ మీద బూడిద రాలదని, చుట్ట చాలాసేపు వస్తుందని కారణాలు చెబుతారు. తల్లి దగ్గర కూతురు నేర్చుకునేది. అది తప్పని గానీ, ప్రమాదమని గానీ ఎవరికీ తోచలేదు. అలవాటు అందరిదీ అయినప్పుడు అది అలవాటుగా కూడా కనిపించదు కదా!

దాని ఫలితం మాత్రం విశాఖపట్నం వైద్యుల కంటబడింది. నోటి కాన్సర్ మిగతా చోట్ల బుగ్గ లోపల, నాలుక మీద వస్తుంటే, ఇక్కడ అంగిలిలో వస్తోంది. అంగిలి కాన్సర్ మామూలుగా అరుదు. 1957లో డాక్టర్ డి. గోవిందరెడ్డి, డాక్టర్ వి.కె. రావు ఒక వ్యాసంలో కోస్తా ఆంధ్రలోని అంగిలి కాన్సర్‌కు నోటిలో నిప్పు పెట్టుకుని కాల్చే చుట్టే కారణమని రాశారు. వాళ్ళు చూసింది ఆసుపత్రికి వచ్చిన రోగులను. రానివారి మాటేమిటి?

ఆ ప్రశ్నకు జవాబు 1966-69 మధ్య దొరికింది. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి డాక్టర్ ఫాలీ మెహతా బృందం, డెన్మార్క్ దంతవైద్య ఆచార్యుడు పిండ్‌బోర్గ్ కలిసి దేశంలో ఐదు జిల్లాలను ఎంచుకున్నారు. అందులో శ్రీకాకుళం ఒకటి. ఇంటింటికీ తిరిగి 10,169 మంది గ్రామీణుల నోళ్ళు తెరిపించి చూశారు. వారిలో నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ తాగేవారే! అంగిలి పాలిపోవడం, తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, చిన్న చిన్న బొడిపెలు ఎందరిలోనో కనిపించాయి. ఈ ఫలితాలు 1971లో బ్రిటన్‌లోని కాన్సర్ పత్రికలో అచ్చయ్యాయి. ఇందులో గమనించదగ్గ సంగతి ఏమిటంటే, ఆ మచ్చలున్నవారిలో చాలామంది తమకు ఏ జబ్బూ లేదనే అనుకుంటున్నారు.

ఆ బృందం చూసి, లెక్క రాసుకుని వెళ్ళిపోలేదు. 1977-78 నుంచి శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడకందార్లను ఏటేటా పరీక్షించి, సినిమాలు చూపించి, మనిషి మనిషితో మాట్లాడి మానమని చెప్పింది. మానినవారిలో, తగ్గించినవారిలో కొత్త మచ్చలు తక్కువగా వచ్చాయి. అరవై ఏళ్ళ ముసలమ్మకు చుట్ట మానమని చెప్పి ప్రయోజనం లేదనుకునే వారికి ఇంతకంటే జవాబు అక్కరలేదు.

తర్వాత తిరువనంతపురంలో మరో పెద్ద పరీక్ష జరిగింది. 1996 నుంచి ముప్పై అయిదేళ్ళు దాటిన సుమారు 1,90,000 మందిని తీసుకుని, సగం పంచాయతీల్లో ఆరోగ్య కార్యకర్తల చేత నోళ్ళు చూపించారు. వారు డాక్టర్లు కారు, శిక్షణ పొందిన మామూలు పట్టభద్రులు. 2005లో వెలువడిన లెక్క ప్రకారం, పొగాకు లేదా మద్యం అలవాటున్నవారిలో నోటి కాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయి. ఏ అలవాటూ లేనివారిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ముందు చూడవలసింది ఎవరి నోరో తేలిపోయింది.

ఇక మన సంగతి. అడ్డపొగ మనకు లేదు, బీడీ ఉంది. పసుపు ఉడికే కళ్ళం దగ్గర, చాయ్ హోటల్ ముందు, రైలు కోసం ఎదురుచూసేటప్పుడు కాల్చిన బీడీలను లెక్కపెట్టినవారెవరు? బీడీ చిన్నదే గానీ, ఆరకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. తాగని ఆడవారూ పూర్తిగా తప్పించుకోలేరు. చాట ముందు కూర్చుని తునికాకులో తంబాకు నింపే చేతుల ద్వారా, పీల్చే దుమ్ము ద్వారా నికోటిన్ ఒంట్లోకి చేరుతుందని వారి మూత్ర పరీక్షలే చెప్పాయి. బీడీ కార్మికుల చట్టం 1966లోనే వచ్చింది, శ్రీకాకుళంలో నోళ్ళు చూడడం మొదలైనదీ అదే కాలం. కూలీ సంగతి చట్టానికెక్కింది. నోటి సంగతి అంతగా ఎవరికీ పట్టలేదు.

2018 ఆగస్టు 15న కంటివెలుగు మొదలైతే ఊరూరా బారులు తీరాం. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా కళ్ళు చూపించుకున్నారు. చూపు మసకబారితే పేపరు చదవలేం కాబట్టి వెళ్ళాం. నోట్లో మచ్చ ఏ పనికీ అడ్డురాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ళ వయసులో నోటి కాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్న మగవారు దేశం మొత్తం మీద నూటికి 1.2 మంది, ఆడవారు 0.9 మంది మాత్రమే.

ముప్పై దాటినవారికి బి.పి., షుగర్, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్ల పరీక్షలు 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నాయి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత అడిగి కాగితం నింపుతుంది. ఆ కాగితంలో మార్కులు నాలుగు దాటితే ముందుగా పిలుస్తారు. మన ఇళ్ళలో చాలామంది ఆ అమ్మాయికి "ఏం లేదమ్మా" అని ఒక్క మాట చెప్పి పంపేస్తున్నారు. కాన్సర్ పరీక్షలకు కార్యక్రమం పెట్టిన వయోపరిమితి 65 ఏళ్ళు. అది దాటిన పెన్షనర్లు దంతవైద్యునికి చూపించుకోవచ్చు. చూపు, వేలు, టార్చిలైటు తప్ప మరేమీ అక్కరలేని పరీక్ష, రెండు నిమిషాల పని. కట్టుడు పళ్ళున్నవారు వాటిని తీసి చేతిలో పట్టుకుని కూర్చోవాలి, మచ్చ ఒక్కోసారి వాటి కిందే ఉంటుంది.