దూరపు భాండాగారము – ఆగిన ప్రోగ్రాము

నిన్న చక్కగా తయారైన కంప్యూటరు ప్రోగ్రాము, అందులో ఒక్క అక్షరమైనను మార్చకయే, నేడు తయారుకాక నిలిచిపోవుట కలదు. తప్పు ప్రోగ్రాములో లేదు. మరి ఎక్కడ ఉన్నది? ఈ సాధనముల చరిత్ర తెలిసినవారికి దానిని కనుగొనుట కష్టము కాదు.

మనుష్యుడు వ్రాసిన ప్రోగ్రామును యంత్రము నడపగల రూపమునకు తెచ్చు పనిని ‘బిల్డ్’ అందురు. ఈ పనికై 1976లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ అను సాధనమును నిర్మించెను. ఏ ఫైలు మారినదో చూచి, దానిపై ఆధారపడిన భాగములను మాత్రమే అది తిరిగి తయారుచేయును. కాని ఇతరులు వ్రాసిన లైబ్రరీలను ప్రోగ్రామరే వెదకి తెచ్చుకొనవలసియుండెను. 2000లో జావా భాషకై వెలువడిన ‘యాంట్’ సైతము ఈ శ్రమను తీర్చలేదు.

పెర్ల్ భాషవారు తమ లైబ్రరీలకు 1995లోనే ఇంటర్నెట్‌లో ఒక భాండాగారమును ఏర్పరచుకొనిరి. జావాకు అట్టి సౌకర్యమును ‘మేవెన్’ కలిగించినది. దాని 1.0 రూపము 2004లోను, 2.0 రూపము 2005లోను వెలువడినవి. కావలసిన లైబ్రరీ పేరును, వెర్షన్ సంఖ్యను ఒక ఫైలులో వ్రాసిన చాలును. మేవెన్ దానిని ‘మేవెన్ సెంట్రల్’ అను భాండాగారము నుండి తెచ్చును. 2.0 రూపము మొదలు, ఆ లైబ్రరీకి అవసరమైన ఇతర లైబ్రరీలను కూడ తానే తెచ్చుచున్నది.

సౌకర్యముతోబాటు పరాధీనతయు పెరిగినది. 2016 మార్చి 22న జావాస్క్రిప్ట్ భాండాగారమైన ‘ఎన్.పి.ఎమ్.’ నుండి కేవలము 11 పంక్తుల ‘లెఫ్ట్‌ప్యాడ్’ను దాని రచయిత తొలగించగా, దానిపై ఆధారపడిన ఎన్నో ప్రోగ్రాముల బిల్డ్‌లు ఆగిపోయినవి. సుమారు రెండు గంటలలో దానిని తిరిగి ఉంచిరి. 2018లో మేవెన్ సెంట్రల్ పాత భద్రతా నియమములను విడిచిపెట్టగా, వానినే వాడు జావా 7 యంత్రములకు దారి మూసుకొనినది. 2020 జనవరి 15 నుండి రక్షణ లేని ‘హెచ్.టి.టి.పి.’ మార్గమును మూసివేసి, ఆ దారిన వచ్చినవారికి 501 అను సంఖ్యను జవాబుగా ఇచ్చినది.

కనుక డౌన్‌లోడ్ ఆగినపుడు ముందుగా ఆ సంఖ్యను చదువవలెను. 404 అనగా అడిగిన వస్తువు ఆ చోట లేదు. పేరునో, వెర్షన్‌నో, భాండాగారపు చిరునామానో సరిచూడవలెను. 401, 403 అనగా ప్రవేశమునకు అనుమతి లేదు. ఏ సంఖ్యయు రాక, అసలు సంబంధమే కుదరనిచో దోషము తోవలో ఉన్నది: ఇంటర్నెట్టో, కార్యాలయపు ప్రాక్సీయో, భద్రతా సర్టిఫికెట్టో.

మరియొక చిక్కు కలదు. దొరకని లైబ్రరీ సంగతిని మేవెన్ మన కంప్యూటరులోనే గుర్తుంచుకొని, కొంతకాలము మరల అడుగదు. అందుచేత అసలు లోపము తీరిన పిదపకూడ పాత దోషమే కనిపించును. ఆజ్ఞకు ‘-యు’ అను సూచనను జతపరచినచో అది వెంటనే మరల వెదకును.

ఇన్ని అనుభవముల పిమ్మట అనేక సంస్థలు తమకు కావలసిన లైబ్రరీల ప్రతులను సొంత సర్వరులో నిలువ చేసికొనుచున్నవి. దూరపు భాండాగారము ఒకనాడు మూతపడినను వారి పని ఆగదు.