రైతుబిడ్డకు భూమి, మాలపిల్లకు గుడి

తెలుగు ఎం.ఏ. చదివే విద్యార్థులూ, కొత్తగా కథలు రాస్తున్నవాళ్ళూ ఏ సినిమాలు చూడమంటారని నన్ను అడుగుతుంటారు. నటుల కోసమో పాటల కోసమో చూడదగినవి ఎవరికి వారు ఏరుకోగలరు. నేను చెప్పేవి వేరు. మన పల్లెటూళ్ళలో భూమి సమస్య, కుల సమస్య ఒకదానిలో ఒకటి పెనవేసుకుని వున్నాయి. పొలంలో వంగి నాటు వేసేవాళ్ళ కులం ఒకటి, ఆ పొలానికి పట్టా వున్నవాళ్ళ కులం మరొకటి. ఐనా తెలుగు సినిమా మాట నేర్చిన తొలి దశాబ్దంలోనే ఈ రెంటినీ విడదీసి రెండు కథలుగా చెప్పడం మొదలుపెట్టింది. ఆ చీలిక ఎక్కడ ఏర్పడిందో, దాన్ని ఎవరు దాటారో, ఎవరు అంచుదాకా వచ్చి ఆగిపోయారో తెలియజేసే సినిమాలే నేను చూడమనేవి. అన్నీ గొప్పవని కాదు. వీటిలో కొన్ని తమ లోపాల వల్లనే నాకు ముఖ్యమైనవి.

మొదట చెప్పవలసింది గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల' (1938). పురాణాలు, పద్యనాటకాలు తెరనిండా వున్న రోజుల్లో అంటరానితనాన్ని ఇతివృత్తంగా తీసుకోవడమే సాహసం. కథ చలానిది. మాటలు తాపీ ధర్మారావువి. గిడుగు రామమూర్తి వాదించిన వాడుక భాష తెర మీద ధైర్యంగా వినిపించింది ఇందులోనే. వ్యావహారిక భాషోద్యమాన్ని పాఠంగా చదివే విద్యార్థులు ఈ సినిమా మాటల్ని చెవితో వినాలి. ఏ పాఠ్యగ్రంథమూ చెప్పలేనిది అక్కడ తెలుస్తుంది. బ్రాహ్మణ యువకుడు నాగరాజుకూ, మాలపిల్ల సంపాలతకూ మధ్య ప్రేమ ఒక పాయ. హరిజనుల ఆలయప్రవేశం మరో పాయ. 1936లో తిరువాన్కూరు సంస్థానం గుళ్ళు తెరిచింది. 1939లో మద్రాసు ప్రభుత్వం ఆలయప్రవేశ చట్టం చేసింది. ఈ రెంటి మధ్య కాలపు గాంధేయ సంస్కరణవాదం సినిమా అణువణువునా వుంది. కాంచనమాల సంపాలతగా నిలబడిన తీరు చూస్తే ఆనాటి ప్రేక్షకులు ఎందుకు విరగబడి చూశారో అర్థమవుతుంది.

మరుసటి సంవత్సరం అదే రామబ్రహ్మం 'రైతుబిడ్డ' (1939) తీశాడు. ఈసారి రచనలో త్రిపురనేని గోపీచంద్ వున్నాడు. నరసిరెడ్డి పాత్రకు బళ్ళారి రాఘవ వంటి మహానటుణ్ణి తెచ్చారు. అప్పు, శిస్తు, ఎన్నికలు, జమీందారు మనుషుల దౌర్జన్యం, ఇదీ సరుకు. 1937 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ నాయకుడు బొబ్బిలి రాజా వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. ప్రకాశం పంతులు నాయకత్వాన జమీందారీ విచారణ సంఘం పని చేసింది. ఊళ్ళలో రైతు సంఘాలు లేచాయి. ఆ వేడిలోంచి వచ్చిన సినిమా కనుకనే బొబ్బిలి, వెంకటగిరి జమీందార్లు మండిపడ్డారు. కొన్ని జిల్లాల్లో ప్రదర్శన ఆగిపోయింది.

ఇక్కడ చరిత్ర వేసిన మెలిక ఒకటుంది. ఈ రెండు సినిమాలనూ నిర్మించిన సారథి ఫిలిమ్స్ వెనక వున్న పెట్టుబడి చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్‌ది. జమీందారీ వ్యతిరేక చిత్రానికి జమీందారు డబ్బు! ఇది చెప్పి నవ్వుకుని ఊరుకుంటే లాభం లేదు. కాంగ్రెసు వైపు మొగ్గిన ఎస్టేటు, జస్టిస్ పార్టీ ఎస్టేట్ల మీద బాణం వేయించగలిగిందంటే, ఆ బాణం ఎంత దూరం పోవాలో కూడా కొంతవరకు నిర్ణయమై వుంటుంది. తర్వాతి దశాబ్దంలో చల్లపల్లి ఎస్టేటులోనే కమ్యూనిస్టుల నాయకత్వాన రైతాంగం పోరాడింది. ఆ కథ సారథి వారు తియ్యలేదు.

కాని నాకు ఇంతకన్నా ముఖ్యంగా తోచేది మరొకటి. ఒకే దర్శకుడు, ఒకే సంస్థ, వరసగా రెండేళ్ళు. మాలపిల్లకు దొరికింది గుడి, చదువు, పెళ్ళి. రైతుబిడ్డకు దొరికింది భూమి గురించిన పోరాటం. మాలపల్లెలోని మనిషికి కావలసింది దేవుడి దర్శనమని ఒక సినిమా, భూమి కావలసినవాడు చిన్నదో పెద్దదో పట్టా వున్న రైతని మరో సినిమా పంచుకున్నాయి. ఆ మాలపల్లెవాడే ఆ రైతు పొలంలో పాలేరన్న సంగతి రెంటికీ మధ్య జారిపోయింది. ఇది ఆ కాలానికి తెలియని సంగతేమీ కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922)లో పాలేరు కూలీ, అంటరానితనం ఒకే కుటుంబపు బతుకులో కలిసే వున్నాయి. నవల చూసిన దాన్ని పదహారేళ్ళ తర్వాత సినిమా రెండు ముక్కలు చేసి చూసింది.

'రోజులు మారాయి' (1955) దగ్గరికి వస్తే మన సంఘం చరిత్ర కూడా కథలోకి వస్తుంది. దర్శకుడు తాపీ చాణక్య. మాటలు రాసింది ఆయన తండ్రి తాపీ ధర్మారావు. 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల ప్రథమ మహాసభకు అధ్యక్షుడు ఆయనే. సంస్థ మళ్ళీ సారథే. 'రైతుబిడ్డ'కు పాటలు కట్టిన కొసరాజు రాఘవయ్య ఇందులో ఏరువాక పాట రాశాడు. వహీదా రెహమాన్ నాట్యంతో, మాస్టర్ వేణు సంగీతంతో అది ఊరూరా మోగింది. ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులు 15 స్థానాలకు పడిపోయిన సంవత్సరమది. ఎన్నికల్లో ఓడిన ఆశ తెర మీద గెలిచిందని ఆనాటి పెద్దలు కొందరు అంటే విన్నాను. అందులో నిజం లేకపోలేదు. సాగుభూమి కోసం రైతుల ఐక్యత, కులాంతర వివాహం రెండూ ఈ సినిమాలో వున్నాయి. ఐతే అవి కలిసిన పద్ధతి చూడండి. భూమి ఊరి సమస్య. కులం నాయకుడి ప్రేమకు వచ్చిన అడ్డంకి. పెళ్ళితో ఒకటి తీరుతుంది, పోరాటంతో మరొకటి తీరుతుంది. రెండు ముడులూ వేరువేరుగా వేసి వేరువేరుగా విప్పారు.

అభ్యుదయ విమర్శ ఈ సినిమాను మెచ్చుకున్నప్పుడు అడగవలసిన ప్రశ్న అడగలేదని నా అభిప్రాయం. 'రైతు' అన్న మాటలో కూలీ వున్నాడా, లేడా? మన కవిత్వంలోనూ, కథల్లోనూ అదే మాట అంతే తేలిగ్గా దొర్లుతూ వచ్చింది. సినిమాను తప్పుపట్టే ముందు మన సంకలనాలు ఒకసారి తిరగెయ్యడం మంచిది.

1977లో మృణాల్ సేన్ బెంగాలు నుంచి వచ్చి తెలుగులో 'ఒక ఊరి కథ' తీశాడు. మూలం ప్రేమ్‌చంద్ 'కఫన్'. 1936లో లక్నోలో అఖిల భారత అభ్యుదయ రచయితల సభకు అధ్యక్షత వహించిన ప్రేమ్‌చంద్ దానికి కొద్దికాలం ముందే రాసిన కథ అది. పని చెయ్యని తండ్రీకొడుకులు, ప్రసవవేదనతో చనిపోయిన కోడలు, ఆమె శవం మీద కప్పడానికి గుడ్డ కోసం అడుక్కున్న డబ్బు. కథలో వాళ్ళ సోమరితనం ఎంత జాలిగొలుపుతుందో అంత జుగుప్సా కలిగిస్తుంది. సేన్ దాన్ని ఒక వాదంగా మార్చాడు. మనం పని చేస్తే బలిసేది యజమాని, కాబట్టి పని చెయ్యకపోవడమే మన తిరుగుబాటు అంటాడు వెంకయ్య. ఆ వాదంలోని అసంబద్ధతను నీలమ్మ చావుతో దర్శకుడే మన ముందు పెడతాడు. మమతా శంకర్ నటన చాలా కాలం వెంటాడుతుంది. ప్రేమ్‌చంద్ మాత్రం ఆ ఇద్దరి కులాన్ని మొదట్లోనే చెప్పేస్తాడు. కథ, సినిమా పక్కపక్కన పెట్టుకుని చదివే విద్యార్థి ఈ తేడా ఎంతవరకు నిలిచిందో, ఎంతవరకు కరిగిపోయిందో తనకు తానే తేల్చుకోవాలి.

వెంకయ్య వేషం వేసిన ఎం.వి. వాసుదేవరావు కన్నడ నటుడు. అంతకు రెండేళ్ళ ముందు, 1975లో, బి.వి. కారంత్ తీసిన 'చోమన దుడి'లో ఆయన చోముడు. శివరామ కారంత్ నవల అది. సొంతంగా ఒక చెక్క దున్నుకోవాలన్నది చోముడి కోరిక. అంటరానివాడు కనుక దున్నడానికి వీల్లేదు. అంతే కథ. భూమి లేకపోవడానికి కారణం కులమే అని ఇంత సూటిగా చెప్పిన సినిమా పక్క రాష్ట్రంలో వచ్చింది. ఆ ముఖమే తెలుగులోకి వచ్చింది కాని ఆ కథ రాలేదు. ఈ రెండు సినిమాలూ ఒకే వారంలో చూడమంటాను.

'మా భూమి' (1979) గురించి చెప్పకుండా ఏ జాబితా పూర్తి కాదు. గౌతమ్ ఘోష్‌కు ఇది మొదటి కథాచిత్రం; నిర్మాణంలో బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్. పేరు చూసి సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' (1947) నాటకానికి తెరరూపమనుకునేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. ప్రజానాట్యమండలి వందల ప్రదర్శనలిచ్చి, తర్వాత ప్రభుత్వ నిషేధానికి గురైన ఆ నాటకం వేరు. సినిమాకు మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మీద తెలుగులో నిలిచే సినిమా రావడానికి ఉర్దూ నవల, బెంగాలీ దర్శకుడు కావలసి వచ్చాయి. అదేం తప్పు కాదు. కాని తెలుగు సాహిత్యకారులు ఆలోచించవలసిన విషయం.

రామయ్య వెట్టి నుంచి పారిపోతాడు. చంద్రి దొర కోరికకు బలైనప్పుడు అతని కోపం వ్యక్తిగతం. హైదరాబాదులో రిక్షా తొక్కి, ఫ్యాక్టరీలో పని చేసి, కార్మిక సంఘపు మక్బూల్ పరిచయమయ్యాక అది రాజకీయమవుతుంది. సుద్దాల హనుమంతు పశులకాపరి పిల్లవాడి మీద కట్టిన పాట వచ్చేచోట థియేటరులో అందరూ నిశ్శబ్దమైపోవడం నాకు బాగా గుర్తు. ఆ సినిమా బలం దాని చివరి భాగం. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది. దాని వెనకే గాంధీటోపీలు పెట్టుకుని దొరలు తిరిగొచ్చారు. సుందరయ్య లెక్క ప్రకారం దాదాపు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచిన పోరాటమది. బళ్ళో ఈ సినిమా వేసినప్పుడు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, "పంచిన భూములు మళ్ళీ ఎవరి పేరున ఎక్కినయి సార్?" అని అడిగింది. తండ్రి కౌలుకు చేస్తాడు. నేను రక్షిత కౌలుదారుల చట్టం గురించి చెప్పాను, జాగీర్దారీ రద్దు గురించి చెప్పాను. ఆమె అడిగింది అది కాదని ఆమె ముఖం చూస్తే తెలుస్తూనే వుంది. తెలంగాణలో వెట్టి కులాలవారీగా పంచబడి వుండేది. కుమ్మరి కుండలు, చాకలి బట్టలు, మాదిగ తోలుపని, ఎవరి వెట్టి వారిది. భూమి పంపకంలో ఎవరి వంతుకు ఎంత వచ్చిందన్నది ఈ సినిమా పట్టించుకోలేదు. పోరాడిన ప్రజను ఒకే ముద్దగా చూపింది. ఐనా ఈ జాబితాలో సామూహిక పోరాటాన్ని ఇంత నిజాయితీగా చూపిన సినిమా మరొకటి లేదు.

ఆ నరసింగరావే స్వయంగా దర్శకత్వం వహించిన 'దాసి' (1988) నా దృష్టిలో తెలుగులో వచ్చిన ఉత్తమ చిత్రాల్లో ఒకటి. 'మా భూమి' ఊరి బయటినుంచి గడీని చూస్తే 'దాసి' గడీ లోపలి చీకట్లో కూర్చుంటుంది. పెళ్ళికూతురితో పాటు ఆడపిల్లల్ని కట్నంగా పంపే ఆడబాప ఆచారం దీని వస్తువు. కమలాక్షి దొరకు, దొర అతిథులకు, దొరసానికి పని చేస్తుంది; ఆ పనిలో ఆమె శరీరం కూడా భాగం. ఆమె గర్భవతి ఐతే దొరసాని ఆ గర్భం తీయించేస్తుంది. నినాదం లేదు, ఉపన్యాసం లేదు, పాట లేచి నిలబడదు. ఎ.కె. బీర్ కెమెరా గడీ గోడల మీద, గుమ్మాల మీద నెమ్మదిగా నడుస్తుంది. చిత్రకారుడు తోట వైకుంఠం కళాదర్శకుడు. అర్చనకు జాతీయ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. కదలిక తక్కువని, పోరాటం లేదని కొందరు అభ్యుదయ మిత్రులు దీన్ని తక్కువ చేస్తారు. నేను ఒప్పుకోను. భూస్వామ్యం అంటే ఎకరాల లెక్క మాత్రమే కాదని, ఎవరి ఒంటి మీద ఎవరికి అధికారం వుందన్న లెక్క కూడా అని ఏ పోరాట చిత్రమూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. 1938లో విడిపోయిన రెండు కథలు కమలాక్షి శరీరం మీద ఒక్కటయ్యాయి. దొరసాని కూడా స్త్రీయే కావడం ఆ కథను మరింత చేదు చేసింది.

కొత్తవాటిలో మూడు చెబుతాను. సుకుమార్ 'రంగస్థలం' (2018) పక్కా వ్యాపార చిత్రం. కొట్లాటలు, డ్యూయెట్లు అన్నీ వున్నాయి. ఐనా 1980ల గోదావరి పల్లెలో సొసైటీ అప్పుల పేరిట భూములు ఎలా చేతులు మారేవో చూపడంలో చాలా కళాచిత్రాల కన్నా నయం. సినిమా పొడుగునా మనం ప్రెసిడెంటునే శత్రువనుకుంటాం. చివరికి తేలేదేమిటంటే, ప్రెసిడెంటును ఎదిరించిన కుమార్‌బాబును చంపించింది అతనికి అండగా నిలిచిన పెద్దమనిషే. కారణం తన కూతుర్ని అతను ప్రేమించడం. భూమి దగ్గర మిత్రుడు కులం దగ్గర హంతకుడు. 'రోజులు మారాయి'లో పెళ్ళితో సుఖాంతమైన సమస్యకు అరవై మూడేళ్ళ తర్వాత వచ్చిన జవాబు ఇది. బాధ ఏమిటంటే, ఈ ఎరుకను దర్శకుడు ఒక తమ్ముడి పగగా ముగించాడు. ఊరు ప్రేక్షకురాలిగా మిగిలింది.

కరుణకుమార్ 'పలాస 1978' (2020) పొలం వదిలి పట్నంలోకి వస్తుంది. కథాకేంద్రంలో జానపద కళాకారుల దళిత కుటుంబాన్ని నిలబెట్టింది. హింస ఎక్కువైందన్న ఫిర్యాదు నాకూ వుంది, కాని దళితుణ్ణి జాలిపడవలసిన మంచివాడిగా కాక, కోపం, తప్పు, తెలివి అన్నీ వున్న మనిషిగా చూపడం మెచ్చదగింది.

'నారప్ప' (2021) వెట్రిమారన్ తమిళ చిత్రం 'అసురన్'కు శ్రీకాంత్ అడ్డాల చేసిన తెలుగు రూపం. దాని వెనక పూమణి 1982లో రాసిన 'వెక్కై' నవల వుంది. కొద్దిపాటి భూమి, దాన్ని మింగాలని చూసే పెద్ద కామందు, చెప్పులు తొడుక్కున్నందుకు దెబ్బలు తిన్న ఆడపిల్ల. భూమీ కులమూ ఇక్కడ ఒకే వాక్యంలో వున్నాయి. వెంకటేష్ బాగా చేశాడు. కాని రాయలసీమ మట్టిలోకి తెచ్చిన కథ రాయలసీమ నుంచి పుట్టలేదు. అక్కడి దళిత రచయితల కథలు ఎన్నో అచ్చులో వున్నాయి. వాటిని కాదని తమిళ సినిమా హక్కులు కొనడంలో నిర్మాతకు లాభనష్టాల లెక్క వుంటుంది. ఆ లెక్క సంగతి అలా వుంచి, విద్యార్థులు మాత్రం 'నారప్ప' చూసే వారంలోనే 'మాలపల్లి' మొదటి భాగం మళ్ళీ చదివితే, 1922 నుంచి మన దగ్గరే పడివున్న సరుకు ఎంతో తెలుస్తుంది.