పరాయి గడ్డలపై గెలిచిన ‘ప్రొఫెసర్’

ఆఫ్రికా ఖండం ప్రపంచానికి అందించిన మేటి ముష్టియోధుల్లో అజుమా నెల్సన్ ఒకరు. ఘనా రాజధాని అక్రాలో 1958 జులై 19న జన్మించిన ఆయన తక్కువ బరువు విభాగాల్లో ప్రపంచ విజేతగా సుదీర్ఘకాలం వెలుగొందారు. ఆయన కీలక పోరాటాల్లో అనేకం ప్రత్యర్థుల సొంత గడ్డలపైనే జరిగాయి. ఓడిన చోట లోపమేమిటో తెలుసుకొని, మరోమారు బరిలో దిగి దానిని సరిదిద్దుకోవడం ఆయన ప్రత్యేకత. అభిమానులు ‘ప్రొఫెసర్’ అని పిలుచుకున్నది అందుకు తగినట్టే ఉంది.

ఓటమితో వచ్చిన గుర్తింపు

అక్రా సముద్ర తీరంలోని బుకోమ్, జేమ్స్‌టౌన్ పేటలు బాక్సర్లకు పెట్టింది పేరు. 1975లో డేవిడ్ కోటే ఘనాకు తొలి ప్రపంచ టైటిల్ తెచ్చిపెట్టారు. ఆయన బాటలో నడిచిన నెల్సన్ 1978లో కెనడాలోని ఎడ్మంటన్ కామన్వెల్త్ క్రీడల్లో ఫెదర్‌వెయిట్ స్వర్ణం గెలిచి, మరుసటి ఏడాది వృత్తి బాక్సింగ్‌లో ప్రవేశించారు.

1982 జులై 21న న్యూయార్క్‌లో మెక్సికో విజేత సాల్వడార్ సాంచెజ్‌తో తలపడవలసిన బాక్సర్ తప్పుకోగా, ఆ అవకాశం కొద్దిరోజుల ముందు నెల్సన్‌కు దక్కింది. అప్పటికి ఆయన ఆడినవి 13 పోటీలు మాత్రమే. ఊరూపేరూ తెలియని ఆ యువకుడు 15వ రౌండు వరకు సాంచెజ్‌ను ముప్పుతిప్పలు పెట్టి, చివరకు ఓడారు. ఆ పోరే సాంచెజ్‌కు ఆఖరిదైంది. ఆగస్టు 12న కారు ప్రమాదంలో ఆయన మరణించారు.

విజయ పరంపర

1984 డిసెంబరు 8న పోర్టోరికోలోని శాన్ జువాన్‌లో స్థానిక వీరుడు విల్‌ఫ్రెడో గోమెజ్‌ను 11వ రౌండులో నాకౌట్ చేసి నెల్సన్ డబ్ల్యూబీసీ ఫెదర్‌వెయిట్ (57.15 కిలోలు) టైటిల్ కైవసం చేసుకున్నారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పాట్ కౌడెల్‌ను తొలి రౌండులోనే మట్టికరిపించారు. ఆ టైటిల్‌ను ఆరుసార్లు నిలబెట్టుకొని, 1988 ఫిబ్రవరి 29న మారియో మార్టినెజ్‌పై నెగ్గి సూపర్ ఫెదర్‌వెయిట్ (58.97 కిలోలు) విజేత అయ్యారు. 1990లో మరింత పై విభాగమైన లైట్‌వెయిట్‌లో అమెరికా బాక్సర్ పెర్నెల్ విటేకర్ చేతిలో మాత్రం పాయింట్ల తేడాతో ఓడారు.

1993 ఫిబ్రవరిలో మెక్సికో నగరంలోని అజ్టెకా స్టేడియంలో లక్షా 30 వేలకు పైగా ప్రేక్షకులు చూస్తుండగా గాబ్రియేల్ రుయెలాస్‌ను ఓడించారు. టైటిల్‌ను 1994లో జెస్సీ జేమ్స్ లేహాకు కోల్పోయినా, 1995 డిసెంబరులో, 37 ఏళ్ల వయసులో, అప్పటి విజేత రుయెలాస్‌ను ఐదో రౌండులో ఓడించి తిరిగి చేజిక్కించుకున్నారు. 1996 జూన్‌లో లేహాపై ఆరో రౌండులో గెలిచి పాత లెక్క సరిచేశారు. 1997లో జెనారో హెర్నాండెజ్ చేతిలో ఆ టైటిల్ పోయింది.

31 ఏళ్ల తర్వాత మారిన తీర్పు

1991 జూన్ 28న లాస్‌వెగాస్‌లో ఆస్ట్రేలియా బాక్సర్ జెఫ్ ఫెనెక్‌తో జరిగిన పోటీని న్యాయనిర్ణేతలు డ్రాగా ప్రకటించారు. గెలుపు ఫెనెక్‌దేనని పలువురు విమర్శించారు. నెల్సన్ ఆ విమర్శకు బరిలోనే సమాధానమిచ్చారు. 1992 మార్చి 1న ఫెనెక్ స్వదేశానికే వెళ్లి, మెల్‌బోర్న్‌లో వేలాది అభిమానుల ఎదుట ఎనిమిదో రౌండులో ఆయనను ఓడించారు. ఫెనెక్‌కు వృత్తి జీవితంలో అదే తొలి పరాజయం.

విరమించిన పదేళ్లకు, 2008 జూన్‌లో అదే నగరంలో ఇద్దరూ మూడోసారి తలపడగా ఫెనెక్ పాయింట్లపై నెగ్గారు. 2022 నవంబరులో డబ్ల్యూబీసీ పాత పోటీ దృశ్యాలను తిరిగి పరిశీలింపజేసి, 1991 నాటి విజయం ఫెనెక్‌దేనని ప్రకటించింది. దీంతో డబ్ల్యూబీసీ లెక్కలో ఒక డ్రా ఓటమిగా మారింది. 1992లో మెల్‌బోర్న్‌లో దక్కిన గెలుపు మాత్రం చెక్కుచెదరలేదు.

2004లో అమెరికాలోని కెనస్టోటాలో ఉన్న అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో నెల్సన్‌కు చోటు లభించింది.