ఇంట మందుగుండు: నెల్లూరు తీరంలో నిల్వ, అనుమతి, అపరాధం (క్రీ.శ. 1625-1959)

వ్యాససంగ్రహం:
నివాసంలో మందుగుండు నిల్వచేసుకోవడాన్ని నేడు ప్రధానంగా చట్టానికి, భద్రతకు సంబంధించిన అంశంగానే చూస్తున్నారు. నెల్లూరు తీర చరిత్రను పరిశీలిస్తే ఇది అధికారానికి సంబంధించిన ప్రశ్న కూడా అని తెలుస్తుంది. 17వ శతాబ్దిలో దుర్గరాజపట్నం వర్తకగృహంలో ఆత్మరక్షణగా చెల్లిన నిల్వ, 1839 నాటికి దేశీయ పాలకుల విషయంలో రాజద్రోహానికి సాక్ష్యమైంది. 1878 తరువాత అనుమతిపత్రం లేని ప్రతి ఇంటా అది నేరమైంది. ఈ పరిణామక్రమాన్ని వివరించి, ప్రజల పట్ల భయాన్ని, పదార్థం వల్ల కలిగే ప్రమాదాన్ని వేరుచేసి చూడవలసిన అవసరాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మందుగుండు, సురేకారం, దుర్గరాజపట్నం, ఉదయగిరి, కర్నూలు నవాబు, ఆయుధ చట్టం.

1. ఉపోద్ఘాతం:
'మందుగుండు' అన్న సమాసంలోనే పాత తుపాకి పనితీరు ఇమిడి ఉంది. మందు, గుండు అప్పట్లో వేర్వేరు వస్తువులు. తుపాకి గొట్టంలో మొదట మందు పోసి, పైన గుండు వేసి, గజంతో దట్టించేవారు. ప్రతి కాల్పుకూ ఈ పని మళ్లీ చేయవలసిందే. మందు, గుండు, రవ్వ పుట్టించే సాధనం ఒకే తూటాలో చేరడం 19వ శతాబ్దిలో వచ్చిన మార్పు. అంతవరకు తుపాకి ఉన్న ఇంట మందు కూడా ఉండక తప్పేది కాదు. కనుక నాటి సమాజంలో మందు నిల్వ ఆయుధధారణకు అనుబంధం కాదు, అందులో విడదీయరాని భాగం.

మందులో మూడు ద్రవ్యాలుంటాయి. నూరుపాళ్లలో సుమారు 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. సురేకారానికి తెలుగులో 'పెట్లుప్పు' అన్న పేరు కూడా ఉంది. చౌడు మట్టిని నీటిలో కలిపి, వడగట్టి, కాచి ఉప్పును, సురేకారాన్ని తీయడం ఉప్పరవారి పూర్వవృత్తులలో ఒకటి. సరిగా శుద్ధిచేయని సురేకారంలో మామూలు ఉప్పు మిగిలి ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకొని మందును పాడుచేస్తుంది. ఉప్పుగాలి వీచే తీరంలో ఈ సమస్య మరింత ఎక్కువ. అందువల్ల ఇక్కడ మందును సంపాదించడం ఎంత ముఖ్యమో, పొడిగా కాపాడుకోవడం కూడా అంతే ముఖ్యం.

2. వర్తకగృహమే ఆయుధాగారం:
1613 నాటికి డచ్చివారు ప్రళయకావేరిలో (పులికాట్) గెల్డ్రియా కోటను కట్టుకున్నారు. 1620వ దశకంలో అక్కడ వెలసిన మందు కర్మాగారం దశాబ్దాల పాటు తూర్పు దీవులలోని డచ్చి స్థావరాలకు, స్వదేశానికి మరలే నౌకలకు మందు సరఫరా చేసింది. ఆ సరస్సుకు ఉత్తరాన, నేటి వాకాడు మండలంలోని దుర్గరాజపట్నంలో ఆంగ్లేయులు 1625-26లో స్థావరం ఏర్పరచుకున్నారు. స్థానికుడైన ఆరుముగం ముదలియారు వారికి తోడ్పడ్డాడు. ఆయన పేరు మీదుగానే ఆ స్థావరం ఆంగ్లేయుల వ్యవహారంలో 'ఆర్మగాన్' అయింది. 1628 నాటి వర్ణన ప్రకారం అక్కడ 12 ఫిరంగులు, 23 మంది వర్తకోద్యోగులు, సైనికులు ఉన్నారు. కోరమండల్ తీరాన ఆంగ్లేయులు కోట కట్టుకున్న తొలి స్థావరంగా చరిత్రకారులు దీనిని గుర్తిస్తారు.

ఇక్కడ గమనించవలసిన విషయం, నాటి 'ఫ్యాక్టరీ' వస్తువులు తయారుచేసే చోటు కాదు. వర్తకోద్యోగులు ఒకే ప్రాంగణంలో నిద్రించి, భుజించి, సరకు నిల్వచేసే నివాసం. పన్నెండు ఫిరంగులున్న అటువంటి ఆవరణలో బట్టల మూటలు, మనుషుల పడకలు, మందు పీపాలు ఒకదానికొకటి దూరంగా ఉండగల అవకాశం తక్కువ. 'గోడౌన్' అన్న ఆంగ్లపదం మలయ్ భాష మీదుగా తెలుగు 'గిడ్డంగి', తమిళ 'కిడంగు' పదాల నుండి వచ్చి ఉండవచ్చునని హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు భావించింది. తీరంలో నిల్వ వ్యవస్థ ఎంత పాతదో ఈ పదప్రయాణం సూచిస్తుంది.

ఆశించిన వ్యాపారం సాగకపోవడంతో ఆంగ్లేయులు దుర్గరాజపట్నాన్ని విడిచారు. అక్కడ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో దామర్ల వెంకటప్ప నాయకుని నుండి మద్రాసు స్థలానికి అనుమతి సంపాదించాడు. ఆ అనుమతిలో కోట కట్టుకొనే హక్కు కూడా ఉంది. సరకును కాపాడుకోవడానికన్న పేరుతో మొదలైన ఆయుధ నిల్వకు ఈ విధంగా లిఖితపూర్వకమైన సమ్మతి లభించింది. ఆ సమ్మతిని ఇచ్చినది దేశీయ నాయకుడు, పుచ్చుకొన్నది విదేశీ వర్తకసంఘం. తరువాతి రెండు శతాబ్దాలలో ఈ స్థానాలు తారుమారయ్యాయి.

3. ఉదయగిరి, కర్నూలు - నిల్వ నేరమైన తీరు:
నెల్లూరు జిల్లా పడమటి కొండలలోని ఉదయగిరి, 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి జయించిన దుర్గం. ఆర్కాటు నవాబుల కాలంలో అది జాగీరుగా మారింది. 1838-39లో హైదరాబాదులో నైజాం సోదరుడు ముబారిజుద్దౌలా కేంద్రంగా కంపెనీపై కుట్ర జరుగుతున్నదన్న అనుమానం బలపడింది. ఆ సందర్భంలో ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీఖాన్ పేరు, కర్నూలు నవాబు గులాం రసూల్‌ఖాన్ పేరు ముందుకు వచ్చాయి. ఫలితంగా ఉదయగిరి జాగీరును జప్తుచేసి, జాగీర్దారును చెంగల్పట్టుకు తరలించారు.

కర్నూలులో ఆయుధ నిల్వే ప్రధాన సాక్ష్యమైంది. 1839 అక్టోబరులో కంపెనీ సేన కర్నూలును ఆక్రమించినప్పుడు నవాబు అంతఃపురంలోను, తోటలలోను దాచిన ఫిరంగులు, మందుగుండు, పోతపోసే కొలుములు బయటపడ్డాయి. అక్టోబరు 18న జోహరాపురం వద్ద జరిగిన పోరు తరువాత నవాబు పట్టుబడ్డాడు. తిరుచిరాపల్లిలో నిర్బంధంలో ఉండగా 1840లో హత్యకు గురయ్యాడు. ఆయన రాజ్యం కంపెనీ వశమైంది.

ఈ కుట్ర ఎంత విస్తృతమైనదన్న విషయంలో చరిత్రకారుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. కుట్ర ఉన్నదని అంగీకరించినా, ఇక్కడ ఒక వైరుధ్యం కనిపిస్తుంది. దుర్గరాజపట్నంలో వర్తకుల నివాసంలోని ఫిరంగులు 'రక్షణ' అయ్యాయి. కర్నూలులో పాలకుని నివాసంలోని ఫిరంగులు 'ద్రోహం' అయ్యాయి. రెండుచోట్లా మందు ఒక్కటే, మారినది దానికి పేరుపెట్టే అధికారం.

4. చట్టం - ఇంటి గడప:
1857 తిరుగుబాటు అనంతరం వచ్చిన 1860 నాటి 31వ చట్టం, అనుమానం పాలకుల కోటలను దాటి సామాన్యుల ఇళ్లకు చేరిందని తెలుపుతుంది. అవసరమైన ప్రాంతాలలో ప్రజలను నిరాయుధులను చేసే అధికారాన్ని అది ప్రభుత్వానికి ఇచ్చింది. లిట్టన్ కాలంలో వచ్చిన 1878 నాటి ఆయుధ చట్టం లైసెన్సు విధానాన్ని విస్తరించింది. ఆ చట్టంలోని రెండు నిర్వచనాలు ఈ అంశానికి కీలకం. మొదటిది, మందుగుండు తయారుచేసే యంత్రాలు, దాని భాగాలు కూడా 'మందుగుండు'గానే పరిగణన పొందాయి. రెండవది, ప్రకటన ద్వారా సీసం, గంధకం, సురేకారాలను సైతం 'సైనిక సామగ్రి' పరిధిలోకి తెచ్చే వీలు ప్రభుత్వానికి లభించింది. ఉప్పర కుటుంబం చౌడు మట్టి నుండి తీసే పెట్లుప్పు ఈ విధంగా పాలకుల భద్రతా దృష్టిలోకి వచ్చింది. ఉప్పు పన్ను కోసం మట్టి ఉప్పు తయారీని మద్రాసు ప్రభుత్వం అణచివేయడం వల్ల ఆ వృత్తిపై రెండువైపుల నుండి ఒత్తిడి పడింది.

ఇదే కాలంలో ఇత్తడి తూటాల వాడకం పెరిగింది. కాల్చిన తూటాను పారవేయక, కొత్త టోపీ అమర్చి, కొలిచిన మందు, అట్టబిళ్ల, రవ్వలు వేసి ఇంటివద్దనే తిరిగి నింపుకోవడం బ్రిటిష్ ఇండియా వేటగాళ్లలో సాధారణమైంది. 1878 చట్టం కింది నియమాలు ఐరోపీయులకు మినహాయింపు ఇచ్చాయి. కనుక పక్షులను వేటాడే దొర తన బంగళాలో తూటాలు నింపుకోవడం వినోదం. పంట కాపాడుకొనే రైతు ఇంట అనుమతి లేకుండా అదే పని జరిగితే నేరం. భారత జాతీయ కాంగ్రెసు తొలి దశాబ్దం నుండే ఈ చట్టాన్ని వ్యతిరేకించింది. జాతి ఆధారమైన మినహాయింపులు 1920వ దశకం ఆరంభంలో తొలగిపోయాయి.

5. ప్రజల పట్ల భయం, పదార్థం వల్ల ప్రమాదం:
పేలుడు పదార్థాల చట్టం 1884లో వచ్చింది. 1878 చట్టం 'ఎవరి చేతిలో ఉంది' అని ప్రశ్నించగా, 1884 చట్టం 'ఎంత ఉంది, ఎక్కడ ఉంది, ఎట్లా ఉంది' అని ప్రశ్నించింది. మొదటిదానికి మూలం రాజకీయ భయం, రెండవదానికి మూలం పదార్థ స్వభావం. రాపిడికి, నిప్పురవ్వకు మందు అంటుకోవడానికి దొర ఇల్లు, రైతు గుడిసె అన్న భేదం లేదు. ఈ సత్యాన్ని గుర్తించే చట్టానికి నైతిక బలం ఎక్కువ.

స్వతంత్ర భారతదేశంలో 1959 ఆయుధ చట్టం పాత చట్టం స్థానంలో వచ్చింది. జాతి వివక్ష లేకపోయినా, మందుగుండు తయారీ యంత్రాలను, భాగాలను మందుగుండుగానే చూసే నిర్వచనం అందులోనూ కొనసాగింది. అందువల్ల ఇంట్లో తూటాలు నింపుకొనే సాధనం కూడా చట్టపరిధిలోనిదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట అన్న కారణం కూడా దాదాపుగా తొలగింది. నాటి వేటగాళ్లకు ఇష్టమైన పులికాట్ సరస్సు నేడు పక్షుల అభయారణ్యం.

ఆ సరస్సును ఆనుకొని ఉన్న శ్రీహరికోటలో నేడు రాకెట్ల ఘన ఇంధనం తయారవుతున్నది. ఆక్సిజన్ ఇచ్చే లవణం, మండే పదార్థం కలిసి శక్తినివ్వడం అన్న సూత్రం పాత మందులోనిదే. జనావాసానికి దూరంగా, భవనాల మధ్య నిర్ణీత దూరం పాటిస్తూ నిర్వహించే ఆ వ్యవస్థలో కూడా 2004 ఫిబ్రవరిలో జరిగిన ప్రమాదం ఆరుగురి ప్రాణాలు తీసింది. నివాసం, నిల్వ ఒకేచోట ఉండరాదన్న నియమానికి ఇంతకు మించిన సమర్థన అవసరం లేదు.

6. ముగింపు:
• దుర్గరాజపట్నంలో నివాసం, గిడ్డంగి, ఆయుధాగారం ఒకటిగా ఉండి, ఆంగ్లేయ వర్తకం రాజ్యాధికారంగా మారడానికి తొలి రూపాన్నిచ్చాయి.
• ఉదయగిరి, కర్నూలు ఘట్టాలు ఆయుధ నిల్వ అర్థాన్ని పాలకులు నిర్ణయించిన తీరును చూపుతాయి.
• 1878 చట్టం ఈ అనుమానాన్ని సామాన్యుని ఇంటి గడప వరకు తెచ్చి, సురేకారం వంటి వృత్తి ద్రవ్యాన్ని కూడా తాకింది.
• నేటి నియంత్రణకు న్యాయమైన ఆధారం పదార్థం వల్ల కలిగే ప్రమాదం, అందరికీ సమానమైన నిబంధన. వలస పాలన నాటి అనుమానాన్ని ఆ ఆధారం నుండి వేరుచేసి చూసినప్పుడే ఆయుధ చట్టాల చరిత్ర సమగ్రంగా అర్థమవుతుంది.