మెయిల్‌లో ఫొటోలు పంపుతున్నారా? 'సెంట్' అని వచ్చినా అవతలివాళ్లకు ఓపెన్ కాకపోవడానికి కారణాలివే..

కారుకు డెంట్ పడింది. ఇన్సూరెన్స్ వాళ్లు ఫొటోలు మెయిల్ చేయమన్నారు. నాలుగు వైపుల నుంచీ తీసి పంపేశారు. 'సెంట్' అని కూడా వచ్చింది. రెండు రోజుల తర్వాత అటు నుంచి ఫోన్.. ఫొటోలు ఓపెన్ కావట్లేదు, మళ్లీ పంపండి అని. ఈలోగా కారు షెడ్డుకెళ్లి డెంట్ తీయించేసి ఉంటే? మళ్లీ తీద్దామన్నా అక్కడ డెంట్ ఉండదు. ఫోన్‌లో ఉన్న ఆ ఫొటోలే దిక్కు.

మన ఫోన్‌లో ఫొటో బాగానే కనిపిస్తోంది కదా అనుకుంటాం. కానీ అది అవతలి కంప్యూటర్‌లో కూడా కనిపించాలి. చిక్కంతా అక్కడే వస్తోంది.

ముందు చూడాల్సింది ఫైల్ పేరు చివర ఏముందో. ఐఫోన్లలో 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఫొటోలు 'హెచ్ఈఐసీ' అనే ఫార్మాట్‌లో సేవ్ అవుతున్నాయి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఈ ఆప్షన్ ఉంది. స్టోరేజీ తక్కువ తింటుంది, క్వాలిటీ బాగుంటుంది. కానీ చాలా ఆఫీసుల్లోని పాత విండోస్ కంప్యూటర్లలో ఇది తెరుచుకోదు. పేరు చివర హెచ్ఈఐసీ తీసేసి జేపీజీ అని టైప్ చేస్తే సరిపోతుందనుకుంటారు కొందరు. అది సీసా మీద లేబుల్ మార్చడమే, లోపలి సరుకు మారదు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టుకుంటే ఇకపై తీసేవి జేపీజీలోనే వస్తాయి. ఇప్పటికే తీసినవి మాత్రం మారవు, వాటిని విడిగా జేపీజీలోకి కన్వర్ట్ చేసుకోవాలి.

సైజు లెక్క ఎక్కడ తప్పుతోంది?

జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ లిమిట్ 25 ఎంబీ. అది దాటితే ఫొటోలు అటాచ్‌మెంట్‌గా కాకుండా గూగుల్ డ్రైవ్ లింక్‌గా వెళ్తాయి. అయితే మన లిమిట్ ఒక్కటే చూసుకుంటే చాలదు, అవతలి సర్వర్ లిమిట్ కూడా ఉంటుంది. కొన్ని ఆఫీసుల మెయిల్‌కు అది 10 ఎంబీనే. పైగా మెయిల్‌లో ఫైళ్లు వెళ్లేటప్పుడు వాటిని అక్షరాల రూపంలోకి మారుస్తారు. దాంతో సైజు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. అంటే మీరు అటాచ్ చేసిన 8 ఎంబీ ఫొటోలు అక్కడికి చేరేసరికి పదిన్నర ఎంబీ దాటేస్తాయి. సర్వర్ తిప్పి పంపేస్తుంది. 'మెయిల్ డెలివరీ సబ్‌సిస్టమ్' పేరుతో ఇన్‌బాక్స్‌లోకి వచ్చే మెసేజ్ ఇదే. చాలామంది దాన్ని స్పామ్ అనుకుని చదవకుండా వదిలేస్తారు!

జిప్ చేసినా లాభం లేదు. జేపీజీ ముందే కుదించిన ఫైల్, జిప్‌లో ఇంకా తగ్గేది నామమాత్రమే. పొడవు వైపు 1600 పిక్సెల్స్‌కు రీసైజ్ చేస్తే స్క్రీన్ మీద చూడ్డానికి సరిపోతుంది, ఒక్కో ఫొటో సాధారణంగా 1 ఎంబీ లోపే ఉంటుంది. ఐఫోన్ మెయిల్ యాప్‌లో పంపేటప్పుడు స్మాల్, మీడియం, లార్జ్ అని అదే అడుగుతుంది. కంప్యూటర్‌లో అయితే పెయింట్‌లోని రీసైజ్ చాలు. ప్రింట్ వేయించే ఫొటోలకు మాత్రం ఇది వద్దు, ఒరిజినల్ సైజులోనే రెండు మూడు మెయిల్స్‌గా విడగొట్టి పంపడం మేలు.

డ్రైవ్ లింక్ పంపితే 'ఎనీవన్ విత్ ద లింక్' పర్మిషన్ ఇచ్చారో లేదో చూసుకోండి. లేదంటే అవతలివాళ్లు క్లిక్ చేశాక యాక్సెస్ రిక్వెస్ట్ పెట్టుకోవాలి. అది మీరు చూసేసరికి ఆఫీస్ టైమ్ అయిపోతుంది.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను డౌన్‌లోడ్ చేసి మెయిల్ పెట్టేవాళ్లూ ఉన్నారు. అది అప్పటికే కుదించిన ఫొటో. సర్టిఫికెట్ల మీద చిన్న అక్షరాలు, ఛాసిస్ నంబర్ లాంటివి అలుక్కుపోయి కనిపిస్తాయి. తీసిన ఫోన్ నుంచే నేరుగా పంపాలి. లేదా వాట్సాప్‌లో 'డాక్యుమెంట్'గా తెప్పించుకోవాలి.

ఫొటో అడ్డంగా తిరిగి కనిపిస్తోందా? ఫోన్‌ను ఎటు పట్టుకున్నామో ఫైల్‌లో గుర్తు ఉంటుంది, కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని పట్టించుకోవు. ఎడిట్‌లో ఓ చుట్టు తిప్పి, సరైన వైపుకు తెచ్చి సేవ్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఇంకో విషయం. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఒరిజినల్ ఫొటోతో పాటు అది ఎక్కడ తీశారో ఆ వివరం కూడా మెయిల్‌లో వెళ్తుంది. క్లెయిమ్‌కు అది పనికొచ్చినా, పాత ఫ్రిజ్ అమ్మడానికి ముక్కూమొహం తెలియని వాళ్లకు ఇంట్లో తీసిన ఫొటో పంపేటప్పుడు మాత్రం ఆలోచించుకోవాలి. ఐఫోన్‌లో అయితే షేర్ చేసేముందు 'ఆప్షన్స్'లో లొకేషన్ ఆఫ్ చేయొచ్చు.

అర్జెంట్ ఫొటోలైతే ముందు మీ మెయిల్‌కే పంపుకుని, ఫోన్‌లో కాకుండా ఏదైనా కంప్యూటర్‌లో తెరిచి చూడండి. అవతలి నుంచి 'అందాయి, ఓపెన్ అయ్యాయి' అని జవాబు వచ్చేదాకా కారును షెడ్డుకు పంపొద్దు, ఫోన్‌లోని ఒరిజినల్స్ డిలీట్ చేయొద్దు.