అయిదుకి ఎన్ని మార్కులు?

పోయిన ఏడాది మా అత్తమ్మ తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. లాల్‌దర్వాజాలోని మా ఇంటికి ఒక హోమ్ కేర్ సంస్థ నుంచి అటెండెంటు అమ్మాయిని పెట్టుకున్నాం. నెల తిరిగేసరికి సంస్థవాళ్లు ఫోన్ చేసి, "సర్వీసుకు అయిదుకి ఎన్ని మార్కులిస్తారు మేడమ్?" అన్నారు. పొయ్యి మీద పాలున్నాయి. అయిదూ ఇచ్చేశాను.

ఆ సాయంత్రమే అత్తమ్మకు చీర మారుస్తుంటే నడుము కింద ఎర్రగా కమిలిన మచ్చ కనపడింది. ఒత్తిడి పుండుకు అదే మొదలు. చూడకుండానే మార్కులేసింది నేనే కదా!

ఇంట్లో జరిగే సేవను ఎవరు చూడాలి, ఏం చూడాలి? ఈ ప్రశ్నకు చాలా వయసుంది. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో తన నర్సింగ్ పుస్తకంలో, రోగికి ఒత్తిడి పుండు పడితే తప్పు సాధారణంగా జబ్బుది కాదు, సేవదే అని తేల్చేసింది. అదే ఏడాది లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి, చనిపోయిన తన భార్యకు సేవ చేసిన నర్సు మేరీ రాబిన్సన్‌నే పేదల ఇళ్లకు పంపించాడు. తర్వాత ఊరిని పేటలుగా విభజించి, నర్సుల పని చూడటానికి పేటకొక పెద్దమ్మను పెట్టారు.

1902లో ఇంగ్లండులో మంత్రసానుల చట్టం వచ్చింది. తనిఖీ చేసేవాళ్లు మంత్రసాని సంచి తెరిపించి చూసేవారు. బట్టలు, చేతులు శుభ్రంగా ఉన్నాయా, పుస్తకంలో కాన్పులన్నీ రాసిందా అని అడిగేవారు. సంచి బాగుంటే సేవ బాగున్నట్టేనా? 1937 నాటికి అక్కడి ఆరోగ్య శాఖే తీరు మార్చింది. తనిఖీకి వెళ్లే మనిషి తప్పులెన్నేది కాదు, మంత్రసానికి సలహా చెప్పే స్నేహితురాలిగా ఉండాలంది.

మన హైదరాబాదు కథ వేరు. పరదా చాటు ఆడవాళ్లు మగ డాక్టరు దగ్గరికి వెళ్లలేని రోజులవి. 1885లో లేడీ డఫరిన్ పేరిట నిధి పెట్టి ఆడ డాక్టర్లను, నర్సులను, మంత్రసానులను తయారు చేయడం మొదలుపెట్టారు. ఆ ఏడాదే రూపాబాయి ఫర్దూంజీ హైదరాబాదు మెడికల్ స్కూల్లో చేరింది. క్లోరోఫారం ఇవ్వడంలో ప్రపంచంలోనే మొదటి మహిళల్లో ఒకరిగా పేరు తెచ్చుకుంది. 1903లో లేడీ కర్జన్ నిధి దాయీలకు శిక్షణ మొదలుపెట్టింది. 1906లో మూసీ ఒడ్డున విక్టోరియా జనానా ఆసుపత్రికి పునాది పడింది. పాతబస్తీ నోట అది జచ్గీఖానా.

మా అత్తమ్మ పుట్టింది ఇంట్లో, మంత్రసాని చేతుల మీద. మా ఆయన్ని కన్నది జచ్గీఖానాలో. "మా అమ్మమ్మ మంత్రసాని గడప దాటంగనే చేతులు చూసేదట. గోర్లు పెరిగి ఉంటే ముందు కత్తిరించుకోమనేదట. ఆ తర్వాత గిన్నెలో అన్నం పెట్టేదట," అంది అత్తమ్మ.

ఆ రెండో మాట నన్ను ఆపేసింది. మర్నాడు ఆ అమ్మాయిని నిలదీయకుండా, ముందు టిఫిన్ పెట్టి కూర్చోబెట్టాను. "రాత్రి ఇంకో ఇంట్ల డ్యూటీ అక్కా. అక్కడ్నించి సీదా ఇక్కడికే వస్తున్న," అంది. రెండు గంటలకోసారి తిప్పాలని ఆమెకు తెలుసు. కుర్చీలో కూర్చుంటే కన్ను మూతపడుతోంది.

సంస్థకు ఫోన్ చేసి, రాత్రి డ్యూటీ వేసి పొద్దున మా ఇంటికి పంపొద్దని గట్టిగా చెప్పాను. వారం పట్టింది ఒప్పించడానికి. మంచం పక్కన పాత నోటుపుస్తకం కట్టాం: ఎన్నింటికి తిప్పాం, ఏ పక్కకు, ఒంటి మీద ఎక్కడైనా ఎరుపుందా. మధ్యాహ్నం రెండింటి వరుస నాది, అప్పుడు ఆమె నడుం వాలుస్తుంది. రోజూ స్నానం చేయించేటప్పుడు ఇద్దరం కలిసి చూస్తాం. ఆ మచ్చ తోలు తెగకుండానే మాయమైంది.

మొన్న మళ్లీ ఫోనొచ్చింది, అయిదుకి ఎన్ని మార్కులని. "ఆగండి," అని నోటుపుస్తకం తెచ్చుకుని చదవడం మొదలుపెట్టాను.