వావి అంటే ఎద్దు, హావి అంటే గొర్రె: లువియన్ల మొక్కుబడి మాటలు

టర్కీ దేశం నడిభాగంలో బోగజ్‌కాలే అనే ఊరి పక్కన హిట్టైట్ల రాజధాని హత్తుసా శిథిలాలున్నాయి. 1906లో అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలయ్యాక మట్టిపలకలు వేల లెక్కన బయటపడ్డాయి. వాటి మీద రాసింది హిట్టైట్ భాష అని, అది సంస్కృతం, గ్రీకు, లాటిన్ల కుటుంబానికే చెందిందని 1915లో హ్రోజ్నీ అనే చెక్ పండితుడు తేల్చాడు. ఆ పలకల్లో పూజావిధులు చాలా ఉన్నాయి. కొన్నింటిలో, విధి చెబుతూ చెబుతూ మధ్యలో రాయసగాడు 'లువిలి' అని ఒక మాట రాస్తాడు. 'లువియన్‌లో' అని దానికి అర్థం. అంటే ఇక్కడినుంచి పూజ చేసే మనిషి నోటితో పలకాల్సింది లువియన్ భాషలో ఉంటుందన్నమాట. ఏ సామాను తేవాలి, ఏది ఎక్కడ పెట్టాలి అన్నదంతా హిట్టైట్‌లో ఉంటుంది. దేవుడి ముందు పలికే మాట లువియన్‌లో ఉంటుంది.

ఈ ఏర్పాటు మన ఇళ్ళల్లో ఎవరికీ కొత్త కాదు. సత్యనారాయణ వ్రతానికి అయ్యవారు వస్తే "ఇంకొంచెం అక్షింతలు తీసుకోండమ్మా" అన్నది తెలుగులోనో కన్నడంలోనో అంటారు, మంత్రం సంస్కృతంలో చదువుతారు. మూడు భాషల మధ్య పెరిగిన కుటుంబాలం గనక, లువియన్ల సంగతి చదువుతుంటే ఇది మనకి పనికొచ్చే చరిత్ర అనిపించింది. ఒక భాషవాళ్ళు ఇంకో భాష రాజ్యంలో బతికినప్పుడు, వాళ్ళ పూజ మాటల్లో ఏవి మిగిలాయి, ఏవి పోయాయి, మిగిలినవి ఎలా మిగిలాయి అన్నదే ఇక్కడ చెప్పుకుందాం.

లువియన్లు అనతోలియాలో, ముఖ్యంగా దక్షిణాన, ఉండేవాళ్ళు. ఇప్పటి అదానా చుట్టుపక్కల ప్రాంతాన్ని అప్పట్లో కిజ్జువత్న అనేవారు. హత్తుసాలో దొరికిన లువియన్ మంత్రాల్లో చాలావాటికి పుట్టినిల్లు ఆ కిజ్జువత్నే. కువతల్ల అనే ఆమె పేరు మీద ఒక పెద్ద పూజావిధే ఉంది. రాజధాని రాయసగాళ్ళు ఆమె క్రియలని తమ భాషలో రాసుకున్నారు, ఆమె పలుకులని మాత్రం ఆమె భాషలోనే ఉంచారు. మార్చితే పని చెయ్యదని భయమో, మాట మీద గౌరవమో, మొత్తానికి ముట్టుకోలేదు. లువియన్ భాష గురించి మనకి తెలిసినదాంట్లో పెద్ద భాగం అలా దక్కిందే.

ఆ మంత్రాల్లో దేవుణ్ణి 'మస్సని' అంటారు. పూజావిధిని 'మల్హస్స' అంటారు. పూజ ఎవరికోసం జరుగుతుందో, ఖర్చు ఎవరిదో, ఆ మనిషిని 'మల్హస్సకి అధిపతి' అని పిలుస్తారు. ఇది చదవగానే మనకి 'యజమాని' గుర్తొస్తుంది. యజమానుడంటే సంస్కృతంలో మొదటి అర్థం యజ్ఞం చేయించుకునేవాడు. ఆ తరవాతే తెలుగులో ఇంటికీ అంగడికీ సొంతదారు అయ్యాడు, కన్నడంలో ఇంటి పెద్ద, భర్త కూడా అయ్యాడు. లువియన్ల దగ్గరా పూజ చేసే మనిషి వేరు, పూజకి యజమాని వేరు. మంత్రం చదివేది ఒకరు, దాని ఫలం ముట్టేది ఇంకొకరికి.

'తర్పల్లి' అని మరో మాట ఉంది. అది లువియన్ నుంచి హిట్టైట్‌లోకి వెళ్ళిందని పండితులంటారు. మనిషికి బదులుగా ఇచ్చేది అని అర్థం. కిజ్జువత్నకి చెందిన మస్తిగ్గ అనే ఆమె విధి ఒకటి పూర్తిగా ఇంటి తగాదాల కోసమే. తండ్రీ కొడుకులు, మొగుడూ పెళ్ళాలు, అన్నా చెల్లెళ్ళు కొట్లాడుకుంటే ఇద్దర్నీ కూర్చోబెట్టి చేసేది. గొర్రెని తెచ్చి, ఇది మీకు తర్పల్లి అని చెప్పి, దాని నోట్లో వాళ్ళచేత ఉమ్మి వేయిస్తుంది. పంది పిల్లని వాళ్ళ మీదుగా తిప్పుతుంది. పిండితో నాలుకలు, చేతులు చేసి వాడుతుంది. తగాదా నాలుకతోనూ చేతితోనూ కదా జరిగింది, అందుకని. గుమ్మడికాయతో దిష్టి తీసి వీధిలో పగలగొట్టేవాళ్ళకి ఈ తర్కం విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ దేశానికీ మనకీ ఏదో రహస్య సంబంధం ఉందని మాత్రం దీన్నుంచి లెక్క కట్టకూడదు. మనుషులకి కష్టాలు ఒకలాంటివే గనక మందులూ అక్కడక్కడా కలుస్తాయి.

సంబంధం మాట వచ్చింది గనక ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. లువియన్‌లో 'వావి' అంటే ఎద్దు లేదా ఆవు. మన వావి వరసలతో దానికేమీ చుట్టరికం లేదు. 'హావి' అంటే గొర్రె. వినడానికి ఆవులా ఉన్నా ఆవు కాదు. తెలుగు ద్రావిడ భాష, లువియన్ ఇండో యూరోపియన్ భాష. పోలిక ఉండాల్సింది సంస్కృతంతోటి, ఉంది కూడా. వావికి సంస్కృతంలో 'గో' జ్ఞాతి, హావికి 'అవి' జ్ఞాతి. సంస్కృతంలో అవి అంటే గొర్రే. ద్రాక్షసారాన్ని లువియన్లు 'మద్దు' అన్నారు, అది 'మధు'కి చుట్టం. సూర్యదేవుడి పేరు 'తివద్'. ఆ మాట 'దివ్' అన్న మాటతో ఒకే మూలం నుంచి వచ్చింది. మనం రోజూ వాడే గోవు, మధువు, దివి సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. ఆ దారిలో చూస్తే అంత దూరపు భాషకీ మన పూజగదికీ మధ్య సన్నటి దారం ఒకటుంది. అంతకు మించి లాగితే తెగిపోతుంది.

క్రీ.పూ. 1200 దాటాక హిట్టైట్ రాజ్యం కూలిపోయింది. హత్తుసా పాడుబడింది, మట్టిపలకల రాత ఆగిపోయింది. లువియన్ మాత్రం ఇంకో 500 ఏళ్ళు నిలిచింది. అప్పటికే వాళ్ళకి బొమ్మల లిపి ఒకటుంది. దాన్ని రాళ్ళ మీద చెక్కడం పెరిగింది. ఒక వరస కుడినుంచి ఎడమకి పోతే, తరవాతి వరస ఎడమనుంచి కుడికి వస్తుంది. ఎద్దుతో చాలు దున్నినట్టు ఉంటుంది ఆ రాత. కర్కెమిష్, మలాట్యా, కరాతెపె, ఇవ్రిజ్ లాంటి చోట్ల ఇవి దొరికాయి.

ఈ రాళ్ళ మీద మొక్కుబడికి వాడిన ముఖ్యమైన మాట 'సర్లత్త'. 'పైన' అనే అర్థమున్న మాటనుంచి వచ్చింది. పైకెత్తడం, ఘనపరచడం, అర్పించడం అన్నీ అందులో ఉన్నాయి. మనం కూడా బోనం ఎత్తుతాం, కన్నడంలో ఆరతి ఎత్తుతారు. ఈ మాట ముందు తరచుగా ఒక బొమ్మ గుర్తు వేస్తారు. పండితులు దానికి 'ధార పోయడం' అనే అర్థమొచ్చే పేరు పెట్టారు. ధార పోయడం ఎలా ఉంటుందో మలాట్యా దగ్గర అర్స్లాన్‌తెపెలో దొరికిన రాతిపలకల మీద కంటితో చూడొచ్చు. రాజు నిలబడి చెంబులాంటి పాత్రతో తుఫాను దేవుడి ముందు ధార పోస్తుంటాడు, వెనక బలిపశువుని పట్టుకొస్తుంటారు. ఆ పలకలు ఇప్పుడు అంకారా మ్యూజియంలో ఉన్నాయి.

తుఫాను దేవుడి పేరు తర్హుంత్, అంటే జయించేవాడు. కానీ శాసనాల్లో ఆయన్ని 'ద్రాక్షతోట తర్హుంత్' అని కూడా పిలిచారు. ఇవ్రిజ్‌లో కొండరాతి మీద క్రీ.పూ. 8వ శతాబ్దంలో చెక్కిన బొమ్మలో ఆయన చేతుల్లో ద్రాక్షగుత్తులూ ధాన్యపు వెన్నులూ ఉన్నాయి. ఎదురుగా తువన రాజు వర్పలవ చేతులెత్తి నిలబడ్డాడు. దేవుడు ఆయనకంటే చాలా ఎత్తుంటాడు. మెరుపులవాడైన దేవుణ్ణి రైతులు తమ తోట పేరుతో పిలుచుకున్నారు. ఊరి దేవతకి ఊరి పేరూ చెరువు పేరూ కలిపి పిలుచుకునే మనకి ఆ చనువు అర్థమవుతుంది.

కరాతెపెలో 1946లో దొరికిన శాసనం ఒకే విషయాన్ని లువియన్‌లోనూ ఫినీషియన్‌లోనూ చెబుతుంది. లువియన్ బొమ్మల లిపి చదవడం సరిగ్గా కుదిరింది దీనివల్లే. అజతివద అనే అధికారి కోట కట్టి, దేవుణ్ణి నిలిపి, ఏటేటా ఏమివ్వాలో అందులో రాయించాడు. ఫినీషియన్ పాఠం ప్రకారం ఏడాదికి ఒక ఎద్దు, దున్నే కాలంలో ఒక గొర్రె, కోత కాలంలో ఒక గొర్రె. ఇంతే. ఇది స్తోత్రం కాదు, పద్దు. కర్కెమిష్ రాజు కతువ, క్రీ.పూ. 900 ప్రాంతంలో, ఇంకా గట్టిగా రాయించాడు. తన కట్టడాన్ని పాడుచేసినవాడి దగ్గర దేవుళ్ళు రొట్టెనీ సర్లత్తనీ తీసుకోకూడదని శాపం పెట్టాడు. గమనించండి, వాడి ఇల్లు కాలిపోవాలని కాదు ఆ మాట. వాడు పెట్టింది దేవుడు ముట్టకూడదని. పెట్టే హక్కు పోవడమే శిక్ష.

క్రీ.పూ. 717లో అస్సిరియా రాజు రెండో సర్గోన్ కర్కెమిష్‌ని పట్టుకున్నాడు. ఆ శతాబ్దం ముగిసేసరికి లువియన్ శాసనాలు దాదాపు ఆగిపోయాయి. అయితే పద్దు ఆగలేదు. అది రెండు దారుల్లో సాగింది.

ఒక దారి చెల్లెలి భాషది. నైరుతి మూలన లిసియాలో మాట్లాడిన భాష లువియన్‌కి దగ్గరి చుట్టం. అక్కడ లెతోన్ గుడి దగ్గర 1973లో క్రీ.పూ. 4వ శతాబ్దపు శాసనం దొరికింది. గ్రీకు, లిసియన్, అరమాయిక్ మూడు భాషల్లో ఉంది. కొత్త దేవుడికి బలిపీఠం కట్టి, పూజారిని పెట్టి, ప్రతి అమావాస్య దాటిన పాడ్యమికి ఒక గొర్రె, ఏడాదికి ఒక ఎద్దు ఇవ్వాలని నిర్ణయించారు. కరాతెపె పద్దుకి ఎంత దగ్గరగా ఉందో చూడండి. 'నెలనెలా' అని చెప్పడానికి లిసియన్‌లో 'నురెది నురెది' అని మాటని రెండుసార్లు అన్నారు, సరిగ్గా మనం అన్నట్టే. లువియన్‌లో 'స' ఉన్నచోట లిసియన్‌లో తరచుగా 'హ' వస్తుంది. మస్సని అక్కడ మహన అయ్యాడు. మన పాలు, పులి, పూవు కన్నడంలో హాలు, హులి, హూవు అయినట్టు, అక్షరం మారినా చుట్టరికం తెలుస్తూనే ఉంటుంది.

రెండో దారి మనకి ఇంకా దగ్గరిది. ఇప్పటి జిన్జిర్లి దగ్గర సమ్అల్ అనే చిన్న రాజ్యం ఉండేది. అక్కడి పాలకుల పేర్లలో కిలమువ, పనమువ లాంటివి లువియన్ పేర్లు. 'మువ' అంటే బలం, శక్తి. వాళ్ళు రాయించింది మాత్రం ఫినీషియన్, అరమాయిక్ తరహా భాషల్లో. 2008లో చికాగో విశ్వవిద్యాలయం తవ్వకాల్లో అక్కడ కటుమువ అనే ఉద్యోగి రాతిఫలకం దొరికింది. క్రీ.పూ. 8వ శతాబ్దానిది. పేరు లువియన్, రాత స్థానిక అరమాయిక్ తరహా భాష. తను బతికుండగానే చేయించుకున్న ఆ రాతి మీద నైవేద్యాల వరస ఉంది. హదద్ అనే తుఫాను దేవుడికి ఎద్దు. మిగతా దేవుళ్ళకి పొట్టేళ్ళు. ఆ వరసలో కుబాబ ఉంది, కర్కెమిష్ అమ్మవారు ఆమే. 'ద్రాక్షతోటల హదద్' కూడా ఉన్నాడు. చివరికి ఈ రాతిలో ఉండబోయే తన ఆత్మకి ఒక పొట్టేలు. తన కొడుకుల్లో ఈ గది ఎవరికి దక్కితే వాళ్ళు ఏటేటా ఇక్కడ అర్పణ చెయ్యాలని, బలిలో తనకి తొడ భాగం పెట్టాలని రాయించాడు.

ద్రాక్షతోటల హదద్ అంటే ఎవరు? ద్రాక్షతోట తర్హుంతే, వేరే భాషలో పిలిస్తే ఆ పేరు. దేవుడి పేరు మారింది, తోట మారలేదు. భాష మారింది, ఏటేటా అన్నది మారలేదు. మనిషి పేరు పాతభాషలోనే ఉండిపోయింది. తనకి ముద్ద పెట్టమని కొడుకుల్ని కోరడం పెద్దల అమావాస్యకి మనం పెద్దలకి పెట్టుకోవడానికీ, ఇక్కడి కన్నడిగులు 'ఎడె' పెట్టడానికీ దూరమైన సంగతేమీ కాదు. వలసపోయినా, పక్కవాళ్ళ భాషలో కలిసిపోయినా, ఎవరికి ఏ రోజున ఏం పెట్టాలన్న లెక్క తరాలు దాటుతుందని కటుమువ రాయి చెబుతోంది.

కానీ ఆ రాతి మీద 'సర్లత్త' లేదు. 'మస్సని' లేదు. ఆ మాటలు మనకి తెలిసింది కటుమువ లాంటివాళ్ళ వల్ల కాదు. ఎప్పుడో హత్తుసాలో ఒక రాయసగాడు 'లువిలి' అని రాసి, ఆ తరవాత ఒక పరాయి ఊరి ఆడమనిషి నోటిమాటని ఉన్నదున్నట్టు ఉంచినందువల్ల, కర్కెమిష్ రాజు తన రొట్టెకీ ధారకీ తన భాషలోనే పేరు చెక్కించినందువల్ల.

మేమంతా కన్నడ మీడియంలో చదువుకుని, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళం. మన ఇళ్ళల్లో లెక్క భద్రంగానే ఉంది. శ్రీరామనవమికి పానకం, వడపప్పు, ఫలానా వారం ఫలానా అమ్మవారికి మొక్కు, ఇవి మన పిల్లలు కూడా చేస్తారు, అనుమానం లేదు. అయితే ముడుపు కట్టేటప్పుడు ఇంటి పెద్దావిడ ఏమని అంటుంది, దిష్టి తీస్తూ ఎవరెవరి కళ్ళ పేర్లు చెబుతుంది, పెద్దలకి విస్తరి వేసి ఏమని పిలుస్తుంది, ఆ మాటలు ఏ పుస్తకంలోనూ ఉండవు. ఒక్కో ఇంటికి ఒక్కో రకం. యాస సరిచెయ్యకుండా, కన్నడం కలిస్తే కలిసినట్టే, ఎవరు ఏ సందర్భంలో అన్నారో పైన ఒక ముక్క చేర్చి రాసిపెట్టుకుందాం. తెలుగు లిపి రాకపోతే కన్నడ లిపిలోనే రాయండి. కువతల్ల మాటలని దక్కించిన లిపి కూడా ఆమె జాతి సొంతం కాదు.